ఈకల్లేని బాణం

మొన్న సంక్రాంతి సెలవులకి మా చిన్నమ్మాయి విజయవాడ నుంచి రెండు బ్యాగులతో దిగింది. ఒకదాంట్లో ఉతకాల్సిన బట్టలు, రెండోదాంట్లో విల్లు. "విల్లు సంచిలో ఎట్టా పట్టిందే?" అని మా అత్తయ్య నోరెళ్ళబెట్టారు. ఆవిడ ఊహలో విల్లంటే కోదండరాముడి భుజం పక్కన నిలువెత్తున ఉండేది. పిల్ల ఒక్కో ముక్కా తీసి మంచం మీద పేర్చింది. చేత్తో పట్టుకునే నడిమి భాగం లోహంతో చేసింది, దాన్ని రైజర్ అంటారు. దానికి పైనొకటి, కిందొకటి తగిలించే రెక్కల్లాంటివి లింబ్‌లు. ఇక చుట్టచుట్టిన తాడు. ఐదు నిమిషాల్లో బిగించి నిలబెట్టేసరికి విల్లు దాదాపు పిల్ల ఎత్తుకి వచ్చింది. ఇలా విప్పి మోసుకుపోయి మళ్ళీ బిగించుకునేది కాబట్టి టేక్‌డౌన్ విల్లు. కొసలు ముందుకి వంపు తిరిగి ఉంటాయి కాబట్టి రికర్వ్. ఒలింపిక్స్‌లో మనం చూసేది ఈ రకమే.

విల్లు ముచ్చటగానే ఉంది గానీ పిల్ల ముఖమే బాగాలేదు. మూడు నెలలుగా స్కోరు పడిపోతోందట. బాణం సూటిగా పోకుండా చేపపిల్లలా తోక ఆడించుకుంటూ పోతోందట. ఫిబ్రవరిలో సెలక్షన్. "చెయ్యి వణుకుతోందేమో చూసుకో" అన్నాను నేను. "ఆ ఫోన్ చూసీ చూసీ కళ్ళు పోయుంటాయి" అన్నారు అత్తయ్య. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి, "ఇంటర్ రెండో ఏడు. ఇక చాల్లే, ఎంసెట్ మీద పడు" అన్నారు. నేను కాదనలేదు, తల ఊపాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

మా మార్కాపురంలో పలకల గనులు ఉన్నాయని మీకు తెలిసే ఉంటుంది. మన తరం చాలామంది అక్షరాలు దిద్దింది ఈ రాతి మీదే. గనుల దగ్గర పనికిరాని పలకరాళ్ళు గుట్టలుగా పోసి ఉంటాయి. మొదటిరోజు పిల్ల అలాంటి గుట్ట ముందు ఫోమ్ టార్గెట్ పెట్టుకుని సాధన చేసింది. టార్గెట్ తప్పిన రెండు కార్బన్ బాణాలు రాతికి కొట్టుకుని పేలికలయ్యాయి. మర్నాటి నుంచి మా బావగారి కంది చేలో, మట్టికట్టకి ఆనించి పెట్టుకుంది. కంది కోసేశారు, చేను ఖాళీ. ఆ చేను గట్టు మీద కూర్చుని నేను నేర్చుకున్నదీ, ఆ తర్వాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదీ కలిపి ఇవాళ రాస్తున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం కుంకుడుకాయల తాత వచ్చాడు. దోర్నాల అవతల అడవిలో చెంచుగూడెం ఆయనది. ఏటా చలికాలంలో ఉసిరికాయలు, కుంకుడుకాయలు, ఎండలు ముదిరాక తేనె తెస్తాడు. మా అమ్మ ఉన్నప్పటి నుంచీ తెలుసు. నేను కాయలు కొలిపించుకుంటుంటే ఆయన చూపంతా విల్లు మీదే. "ఈకలు పిలాస్టిక్కా పాపా?" అని అడిగాడు. పిల్ల బాణం ఇచ్చింది. ఒక కన్ను మూసి బాణం పొడుగునా చూశాడు. గోటి మీద తిప్పాడు. తర్వాత రెండు కొసలూ పట్టుకుని మోకాలికి ఆనించి కాస్త వంచబోయాడు. "శానా గట్టిగుండాదే. ఇది వంగదు" అన్నాడు.

"కార్బన్ తాతా! గట్టిగా ఉంటేనే కదా సూటిగా పోయేది" అని పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన ఇంకేమీ అనలేదు. లేచి పోతూ మాత్రం, తమ విళ్ళకైతే ఈక కట్టకముందే పుల్లని వంచి చూసుకుంటామనీ, వంకరుంటే నిప్పుసెగ మీద కాచి సరిచేస్తామనీ చెప్పాడు.

ఆ మాట నాలో ఎక్కడో ఆగిపోయింది. రాత్రి పిల్ల పడుకున్నాక డిగ్రీనాటి అమరకోశం తీశాను. బి.ఏ. తెలుగు చదివి ఇంట్లో పోపులు వేసుకుంటున్న నాలాంటి వాళ్ళకి ఇదో సరదా లెండి. అందులో విల్లు మధ్యభాగానికి లస్తకం అని పేరు. అంటే ఇప్పటి రైజర్ పట్టు. విల్లు కొసకి అటని. అల్లెతాడుకి మౌర్వి, జ్య, శింజిని, గుణం, ఇన్ని పేర్లు. అల్లెతాడు దెబ్బ చేతికి తగలకుండా కట్టుకునే తోలుపట్టీకి గోధ అని ఒక మాట ఉంది. మా పిల్ల మోచేతికి కట్టుకునే ఆర్మ్‌గార్డ్ అదే! తెలుగులో చూస్తే బాణానికి అమ్ము, తూపు, కోల. దాని ఇనుపమొనకి ములికి, అలుగు. వెనక ఈకలున్న చోటికి పింజ. సింగిణి అనే మాట కొమ్ముని పొరగా అతికించి చేసిన విల్లుని చెబుతుంది. అంటే వేరువేరు పదార్థాలని పొరలుపొరలుగా అతికించి విల్లు చెయ్యడం ఇవాళ్టి ఫైబర్, కార్బన్ లింబ్‌లతో మొదలైంది కాదు. ఇన్ని భాగాలకి విడివిడిగా పేర్లున్నాయంటే, వాటిని విడివిడిగా పట్టించుకున్న మనుషులు ఉన్నారన్నమాట. విల్లు చెడితే గురి కుదరలేదని మనిషిని తిట్టి ఊరుకునే రకం కాదు వాళ్ళు.

మనకి ఆ మనుషులు దూరంలో లేరు. మార్కాపురం నుంచి బస్సెక్కితే గంటలో నల్లమల మొదలవుతుంది. గిద్దలూరు నుంచి రైలెక్కితే దిగువమెట్ట దాటగానే అడవిలోకి దూరుతుంది. మన మార్కాపురం, గిద్దలూరు మొదట కర్నూలు జిల్లావి. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లోంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లా చేసినప్పుడు ఇటు వచ్చాం. అందుకే ఒంగోలు వాళ్ళకి సముద్రం ఎలాగో మనకి నల్లమల అలాగ. ఆ అడవిలో చెంచులు ఎన్ని తరాల నుంచి ఉన్నారో చెప్పడానికి మన గుళ్ళే సాక్ష్యం. శ్రీశైలం మల్లన్నని వాళ్ళు తమ అల్లుడంటారు, చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. ఆ గుడి ప్రాకారం రాళ్ళ మీద వేట బొమ్మలు చెక్కి ఉన్నాయి. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడు. సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవంలో స్వామి పల్లకీ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతుంది. బయల్దేరేటప్పుడు చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. ఆడపడుచుని ఇచ్చిన వాళ్ళకి ఆ మాత్రం చనువు ఉండాలి కదా! మా అత్తయ్యకైతే చెంచులక్ష్మి అంటే 1958 సినిమాలో అంజలీదేవే. ఆవిడ భుజాన విల్లు లేకుండా మా అత్తయ్య ఊహించుకోలేరు.

నిజం చెంచుల బతుకులో విల్లు స్థానం ఏమిటో శ్రద్ధగా రాసినవాడు ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్. 1940లో కృష్ణకి అవతలి ఒడ్డున, అప్పటి నైజాం రాజ్యంలోని అమ్రాబాద్ అడవుల్లో చెంచులతో గడిపాడు. భార్య బెట్టీ కూడా ఆయన పనిలో తోడు. 1943లో వాళ్ళ మీద పుస్తకం వచ్చింది. అందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. చెంచుల కడుపు ముఖ్యంగా నింపేది వేట కాదు, అడవిలో తవ్వి తెచ్చుకునే దుంపలు, ఏరుకొచ్చే పళ్ళు, ఆకులు. అంటే పేరు తెచ్చింది విల్లు. పొయ్యి వెలిగించింది ఆడవాళ్ళ చేతిలోని తవ్వుకోల. సినిమా మాత్రం తవ్వుకోల మీద ఎవరూ తియ్యలేదు. సరే, మన ఇళ్ళల్లోనూ అంతేగా, పక్కకి పోతున్నాను.

అడవి మీద ఆంక్షలు ఒక్కసారిగా రాలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాంతో నల్లమల చాలాభాగం సర్కారు రిజర్వు అడవి అయింది. ఆ తర్వాత నూరేళ్ళలో ఒక్కో పని ఒక్కో అనుమతి కిందికి పోయింది. చివరికి 1972. ఆ సంవత్సరం గురించి చదువుతుంటే ఒక విచిత్రం కనిపించింది నాకు.

ఒలింపిక్స్‌లో విలువిద్య 1920 తర్వాత లేకుండా పోయింది. యాభై రెండేళ్ళకి 1972లో మ్యూనిక్‌లో తిరిగొచ్చింది. పోటీలు సెప్టెంబరు 7 నుంచి 10 దాకా జరిగాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, సెప్టెంబరు 9న, మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. ప్రపంచం విల్లుని మళ్ళీ ఆటస్థలానికి పిలిచిన వారంలోనే, మన అడవిలో విల్లు పట్టుకుని తిరిగేవాడు నేరస్థుడయ్యే దారి పడింది. ఆ రెండు పనులూ చేసినవాళ్ళకి ఒకరి సంగతి ఇంకొకరికి తెలిసి ఉండదు. అదే ఏడు డిసెంబరు 5న అప్పటి మన ఒంగోలు జిల్లాకి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. నేను చట్టాన్ని తప్పుబట్టడం లేదు. పులి మిగలాలి. మిగిలింది కూడా. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం, 1983లో పులుల రక్షిత ప్రాంతం ఏర్పడ్డాయి. ఆ పులిని కాపాడేందుకు అడుగుజాడలు పట్టే పనికి అటవీశాఖ చెంచులనే పెట్టుకుంది, ఇప్పటికీ పెట్టుకుంటోంది. జాడ తెలిసిన కన్ను అక్కరకొచ్చింది గానీ, పుల్లని చూసి దాని బిగువు చెప్పే చేతికి మాత్రం పని పోయింది. మా కుంకుడుకాయల తాత ఇంట్లో విల్లు ఇప్పుడు చూరుకి వేలాడుతోందట. తాడు విప్పేసి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మ్యూనిక్‌లో ఆడవాళ్ళ బంగారు పతకం ఎవరికొచ్చిందో తెలుసా? డోరీన్ విల్బర్ అనే నలభై రెండేళ్ళ గృహిణికి. అమెరికాలో అయోవా రాష్ట్రం, జెఫర్సన్ అనే చిన్న ఊరు ఆవిడది. డెబ్బై, అరవై, యాభై, ముప్ఫై మీటర్ల దూరాల నుంచి మొత్తం 288 బాణాలు వేసి 2424 పాయింట్లు తెచ్చుకుంది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఇది చదివి మా ఆయనకి వినిపించాను. "అయితే రేపట్నుంచి నువ్వూ మొదలుపెడతావా?" అన్నారు. ఏం, పెట్టకూడదా?

మన దేశంలో ప్రభుత్వానికి గిరిజనుల విల్లు గుర్తొచ్చింది 1980ల చివర్లో. 1987లో రాజస్థాన్‌లో ఉదయపూర్ వైపు అడవి పల్లెల్లో వెదురు విల్లుతో వేటాడే కుర్రాళ్ళలోంచి లింబారామ్‌ని ఎంచుకుని శిక్షణకి తీసుకెళ్ళారు. మర్నాటి ఏడే సియోల్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. 1992లో బీజింగ్‌లో ఆసియా పోటీల్లో ముప్ఫై మీటర్ల దూరంలో 360కి 358 తెచ్చుకుని ప్రపంచ రికార్డుని అందుకున్నాడు. వెదురు విల్లు నుంచి లోహపు విల్లుకి మారేటప్పుడు ఆయన చెయ్యి కొత్తగా నేర్చుకున్నవి ఎన్నో ఉంటాయి. కన్ను మాత్రం పాతదే అయుంటుంది.

ఇక మా చేను గట్టుకి వస్తాను. బాణం వంగాలని తాత ఎందుకన్నాడు? దీనికి సమాధానం 1930ల్లో అమెరికాలో దొరికింది. క్లారెన్స్ హిక్మన్ అనే భౌతికశాస్త్రవేత్త విలువిద్య మీద పిచ్చి ఉన్నవాడు. బాణం విల్లుని వదిలే క్షణాన్ని అతివేగంగా తీసే కెమెరాతో సినిమాలాగా తీశాడు. అందులో కనిపించింది కళ్ళతో చూడలేనిది. వేళ్ళ మీదుగా తాడు జారేటప్పుడు కాస్త పక్కకి దొర్లుతుంది. ముందేమో ములికి బరువు, వెనకేమో తాడు తోపు. మధ్యలో బాణం కర్ర ఒకసారి ఇటు, ఒకసారి అటు విల్లులాగే వంగుతుంది. అలా వంగడం వల్లే అది అడ్డుగా ఉన్న రైజర్‌ని పక్క నుంచి చుట్టుకుని, తాకకుండా బయటపడుతుంది. సూటిగా పోవాలంటే ముందు వంగాలన్నమాట. ఎంత వంగాలన్నది ఆ విల్లు బలాన్ని బట్టి. మెత్తని బాణం మరీ వంగిపోతుంది, బిరుసుది వంగకుండా పక్కకి గుద్దుకుంటుంది.

ఈ బిరుసుని ఇప్పుడు స్పైన్ అని అంకెల్లో చెబుతారు. బాణాన్ని ఇరవై ఎనిమిది అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ దాదాపు 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం కుంగితే దాని స్పైన్ 500. ముప్పావు అంగుళం కుంగితే 750. అంటే అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. తాత మోకాలికి ఆనించి చేసింది కూడా ఇదే పరీక్ష, అంకె లేదంతే.

మర్నాడు పొద్దున పిల్లని అడిగాను, "నీ బాణాల స్పైన్ ఎంతే?" అని. అది నన్ను చూసిన చూపు చూడాలి. ఆ మాట అమ్మ నోట వస్తుందని అనుకోలేదు మరి. ఐదొందలట. పోయిన దసరాకి ఎవరో సీనియర్ వదిలేసినవి ఒక షాపులో చవగ్గా వస్తే కొన్నది. "ఒక సైజు ఎక్కువైనా పర్లేదు, బలం పెరిగాక పనికొస్తాయి" అన్నారట. పిల్లల చెప్పులు కొన్నట్టు! దాని విల్లు లాగుడు బలం ముప్ఫై పౌండ్లు. ఆ బలానికి ఏడొందలు, ఎనిమిదొందల మధ్య ఉండాలని పట్టికలు చెబుతున్నాయి. కానీ పట్టిక చూసి తీర్పు చెప్పేస్తే కుదరదంది మా పిల్ల. మిగతావన్నీ సరిచేసి, అప్పుడు బాణాన్ని అడగాలట.

మిగతావి అంటే మొదట విల్లుకీ తాడుకీ మధ్య దూరం, బ్రేస్ హైట్ అంటారు. పట్టు లోపలి అంచు నుంచి తాడు దాకా కొలుస్తారు. దీనిది అరవై ఆరు అంగుళాల విల్లు, ఎనిమిదిన్నర అంగుళాల చుట్టుపక్కల ఉండాలి. స్కేలు పెట్టి చూస్తే ఎనిమిది కూడా లేదు. తాడు కొత్తది, వాడేకొద్దీ సాగిందన్నమాట. విప్పి మెలికలు వేస్తే తాడు కురచవుతుంది, దూరం పెరుగుతుంది. నాలుగు మెలికలు వేసి బిగించడం, బాణం వేసి చప్పుడు వినడం, మళ్ళీ విప్పడం. సరైన చోటుకి వచ్చేసరికి విల్లు చప్పుడు తగ్గి, మెత్తగా 'థుప్' మంది. వీణ తంతి మెలిపెట్టి శ్రుతి చేసినట్టే గానీ, ఇక్కడ వెతికేది స్వరం కాదు, నిశ్శబ్దం. రెండు లింబ్‌ల వంపూ సరిచూడ్డం త్వరగానే అయిపోయింది, పెద్దగా తేడా లేదు. బాణం మొన తాడు గీతకి వెంట్రుకవాసి బయటికి ఉండేలా చూసుకుంది.

తర్వాత తాడు మీద బాణం గాడి కూర్చునే చోటు. అక్కడ దారంతో ముడులు కడతారు, ప్రతిసారీ బాణం అక్కడే కూర్చోవాలని. చతురస్రానికి కాస్త పైన, పావు అంగుళం ఎత్తులో మొదలుపెడతారు. పిల్ల కట్టిన ముడి జారిపోతోంది. "ఇటివ్వు" అని తీసుకున్నాను. ముందొక ముడి, వెనకొక ముడి, మధ్యలో వేలితో అదిమి, మళ్ళీ ముందు. నలభై ఏళ్ళు కనకాంబరాలు కట్టిన చెయ్యి ఇది. దారం ఇసుమంత కదల్లేదు. పిల్ల రెండు వేళ్ళతో లాగి చూసి ఏమీ అనకుండా నా వైపు చూసింది. ఆ క్షణంలో మాత్రం ఎంసెట్ ఎవరికీ గుర్తులేదు.

ఇక అసలు పరీక్ష. దీన్ని బేర్ షాఫ్ట్ పరీక్ష అంటారు. మూడు బాణాలకి ఈకలు పీకేస్తారు. పద్దెనిమిది మీటర్ల దూరం నుంచి ఈకలున్నవి మూడు, లేనివి మూడు ఒకే గురికి వేస్తారు. ఈకలు గాలిలో బాణం తోకని లాగి సరిచేస్తూ ఉంటాయి. అంటే విల్లుకీ బాణానికీ పొత్తు కుదరకపోయినా కొంతవరకు కప్పిపుచ్చుతాయి. ఈక తీసేస్తే కప్పిపుచ్చేవాళ్ళు లేరు. కుడిచేత్తో లాగేవాళ్ళకి ఈకల్లేనివి ఎడమకి పడితే బాణం బిరుసు, కుడికి పడితే మెత్తన. కిందికి పడితే దారపు ముడి పైకి ఉంది, పైకి పడితే కిందికి ఉంది.

ఈకలున్న మూడూ ఒకచోట, నా అరచేతి వెడల్పులో గుచ్చుకున్నాయి. చెయ్యి వణికితే అలా పడవు. అది నాకు ఆ నిమిషాన అర్థమైంది. ఈకల్లేని మూడూ ఎడంగా, జానెడు దూరంలో, కాస్త కిందికి పడ్డాయి. అవి కూడా మూడూ ఒక్కచోటే. మట్టికట్టలోకి పోతాయేమోనని భయపడ్డాను. ఆరు బాణాలు తేటగా చెప్పాయి, చెయ్యి బాగానే ఉంది, బాణమే బిరుసని. మూడు నెలలు అది చేసిందల్లా, బిరుసు బాణాల తప్పుని తన భుజంతో సర్దుకోబోయి లేని అలవాట్లు తెచ్చుకోవడం.

ముడి విప్పి ఒక నూలుపోగంత కిందికి దింపి మళ్ళీ కట్టాను. కింది తేడా పోయింది. ఎడమ తేడాకి ప్లంజర్ ఉంది. రైజర్‌లో బాణం పక్కన ఆనే చిన్న స్ప్రింగ్ బొడిపె అది. దాన్ని బర్జర్ బటన్ అని కూడా అంటారు, విక్ బర్జర్ అనే అమెరికా విలుకాడి పేరు మీద. స్ప్రింగ్ వదులుచేస్తే బాణం వంగడానికి చోటిస్తుంది. వదులుచేసింది. జానెడు దూరం బెత్తెడయింది. మొనలు బరువైనవి వేస్తే ఇంకాస్త. అక్కడితో ఆగిపోయింది. ఇక బాణాలు మార్చాల్సిందే.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేనే చెప్పాను, తప్పు పిల్లది కాదని. మా ఆయన మజ్జిగ పోసుకుంటూ "అంత తేడా చేస్తుందా?" అన్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్ గుర్తుచేశాను. విజయవాడలో విల్లు పట్టిన బొమ్మదేవర ధీరజ్, కెనడా విలుకాడితో సమానంగా నిలిచి చివరి ఒక్క బాణానికి వచ్చాడు. ఇద్దరూ పది కొట్టారు. డెబ్బై మీటర్ల దూరాన, అడ్డంగా పన్నెండు సెంటీమీటర్లు మాత్రమే ఉన్న పది గడిలో, కేంద్రానికి కాస్త దగ్గరగా పడ్డ బాణం కెనడా వాడిది. ధీరజ్ ఓడిపోయాడు. అదే ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టులో నాలుగో స్థానం దాకా వెళ్ళాడు, ఒలింపిక్ విలువిద్యలో మనవాళ్ళు సెమీఫైనల్ చేరడం అదే మొదలు. ఆ మ్యాచ్ మేమంతా కలిసి చూశాం. మా ఆయన మజ్జిగ తాగేసి, "ఎంతవుతాయి ఆ బాణాలు?" అన్నారు.

కొత్తవి స్పైన్ 750. వచ్చేసరికి జనవరి అయిపోయింది. సాధనకి మిగిలింది రెండు వారాలే. సెలక్షన్‌లో నలుగురిని తీసుకున్నారు, మాది ఆరో స్థానంలో ఆగింది. ఏడ్చింది. మర్నాడు ఫోన్ చేసి, ఈకల్లేనివి ఇప్పుడు ఈకలున్న వాటి పక్కనే పడుతున్నాయని చెప్పింది. ఎంసెట్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తుతారు, నాకు తెలుసు.

ఉగాది దాటాక తాత తేనె తెచ్చాడు. ఆయన వంచి చూసిన పాత బాణం ఇంట్లోనే, తలుపు మూల చీపురు పక్కన ఉంది. తీసి చూపించి, "నువ్వన్నది నిజమే పెద్దయ్యా, గట్టిదే. మార్చాం" అన్నాను.

"నేను సెప్పలా?" అన్నాడు. సీసా మూతి తుడిచి, గరాటు పెట్టి తేనె వంచడం మొదలుపెట్టాడు.